న్యాయం ఎవరి ఇష్టం వారిదేనా?

2003 ఆగస్టు 6వ తేదీన సుప్రీం కోర్టు టి.కె. రంగరాజన్ కేసులో తీర్పు చెప్పింది. అంతకు ముందు నెలలో తమిళనాడు ప్రభుత్వం, సమ్మెకు దిగిన సుమారు 1,70,000 మంది ఉద్యోగులను, ఉపాధ్యాయులను ఒక్క కలంపోటుతో తొలగించిన సందర్భమది. సమ్మె చేయడానికి ప్రభుత్వోద్యోగులకు ప్రాథమిక హక్కు లేదనీ, చట్టబద్ధమైన హక్కు లేదనీ చెప్పి న్యాయస్థానం అక్కడితో ఆగలేదు. నైతికమైన హక్కు కూడా లేదన్నది. మొదటి రెండు మాటలకు సమాధానాన్ని మన న్యాయవాదులు చట్టాలలో, పూర్వపు తీర్పులలో వెదుకుతారు. మూడవ మాటకు సమాధానం మాత్రం మనమే చెప్పుకోవలసి ఉంది.

ఈ తీర్పు ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన శాఖా సమావేశాలలో ఒక జవాబు వినిపిస్తూ ఉంటుంది. "నైతికమంటే ఏముందండీ! ఎవరి నీతి వారిది. జడ్జిగారికి అలా తోచింది, మనకు ఇలా తోచింది" అని. చదువుకున్న యువ ఉద్యోగులు దీనినే మరికొంత నాగరికంగా చెబుతారు. మంచి చెడ్డలు వస్తుగత సత్యాలు కావనీ, మనిషి మనిషికీ మారే అభిప్రాయాలు మాత్రమేననీ అంటారు. ఈ జవాబు చెప్పేవారికి అందులో ఒక ధిక్కారం కనిపిస్తుంది. నిజానికి అది కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే. న్యాయమూర్తి మాట ఆయన సొంత అభిప్రాయం మాత్రమే అయితే, మనకు అన్యాయం జరిగిందన్న మాట కూడా మన సొంత అభిప్రాయం మాత్రమే అవుతుంది. రెండు అభిప్రాయాలు ఎదురెదురుగా నిలబడితే ఎవరి చేతిలో అధికారం ఉన్నదో వారి అభిప్రాయం నెగ్గుతుంది. సస్పెన్షన్ ఉత్తరువు మీద సంతకం పెట్టే అధికారం మన చేతిలో లేదు కదా!

అయినప్పటికీ ఈ వాదాన్ని తేలికగా కొట్టిపారవేయడం ఉచితం కాదు. దాని వెనుక గౌరవించదగిన కారణాలున్నాయి. నీతి పేరుతో, సనాతన ధర్మం పేరుతో, దైవాజ్ఞ పేరుతో లోకంలో జరగని ఘోరం లేదు. బానిసత్వాన్ని నీతి అన్నారు, సతీసహగమనాన్ని నీతి అన్నారు, అంటరానితనాన్ని నీతి అన్నారు. 1878లో వెలువడిన 'యాంటీ డూరింగ్' గ్రంథంలో ఏంగెల్స్, శాశ్వత నీతి అని చెలామణి అయినది వాస్తవానికి ఆయా కాలాలలోని వర్గాల నీతేనని విశదపరిచాడు. 1977లో తత్వవేత్త జె.ఎల్. మాకీ తన గ్రంథంలో, వస్తుగతమైన నైతిక విలువలంటూ లేనేలేవని వాదించాడు. దేశానికొక ఆచారం, కాలానికొక ధర్మం ఉండటం ఆయన చూపిన కారణాలలో ఒకటి. నీతిబోధల చాటున దోపిడీని చూసి చూసి విసిగిన మనిషి "ఏ నీతీ సత్యం కాదు" అనడంలో ఆశ్చర్యం లేదు.

కాని ఆ విసుగును చివరివరకు అనుసరిస్తే మనం ఎక్కడ తేలుతామో చూడాలి. 1927 మార్చి 20న డాక్టర్ అంబేద్కర్ నాయకత్వాన వేలాదిమంది మహద్‌లోని చౌదార్ చెరువు నీటిని చేతులారా తీసుకుని తాగారు. ఆ ఊరి సవర్ణులు వారి మీద దాడి చేశారు. తరువాత ఆ చెరువుకు శుద్ధి సంస్కారం కూడా జరిపించారు. ఆనాడు ఆ ఊళ్ళో ఓట్లు లెక్కించి ఉంటే, పలుకుబడి లెక్కించి ఉంటే, ఏ అభిప్రాయం నెగ్గేదో వేరే చెప్పనక్కరలేదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు లోకాభిప్రాయం ఆయన పక్షాన లేదు. నీతి అనేది సమాజపు అభిప్రాయమే అయితే, 1927లో అంబేద్కర్, 1881లో వీరేశలింగం అవినీతిపరులని అంగీకరించాలి. అది ఎవరి సొంత అభిప్రాయం వారిదే అయితే, చెరువుకు శుద్ధి చేయించినవారిని తప్పు పట్టడానికి మన వద్ద మాటే ఉండదు. వారిది వారి రుచి, మనది మన రుచి అని ఊరుకోవలసి వస్తుంది. ఏంగెల్స్ సైతం అక్కడ ఆగలేదు. వర్గ వైరుధ్యాలను దాటిన సమాజంలో నిజమైన మానవ నీతి సాధ్యమవుతుందని అదే గ్రంథంలో చెప్పాడు. పాత నీతిని అబద్ధమని నిరూపించడానికి కూడా ఒక సత్యం కావాలి.

రుచికీ, నైతిక నిర్ణయానికీ మధ్య తేడా మన నిత్యజీవితంలోనే ఉంది. ఒకరికి కాఫీ ఇష్టం, మరొకరికి టీ ఇష్టం. క్యాంటీన్‌లో ఎవరూ దానికి కారణం అడగరు, అడిగినా జవాబు అక్కరలేదు. అదే క్యాంటీన్‌లో ఒకరు వచ్చి, "నా డ్యూటీ రోస్టర్ మార్చి వరుసగా నైట్లు వేశారు, ఆయన బంధువుకు మాత్రం పగటి డ్యూటీ ఇచ్చారు" అంటే, విన్నవారందరూ కారణం అడుగుతారు. రోస్టర్ వేసిన అధికారి సైతం "నా ఇష్టం" అని చెప్పడానికి జంకుతాడు. ఏదో ఒక కారణం కల్పించి చెబుతాడు. అబద్ధపు కారణం చెప్పేవాడు కూడా కారణం చెప్పవలసిన బాధ్యత ఉందని ఒప్పుకుంటున్నట్లే. రుచికి ఆ బాధ్యత లేదు.

భేదాభిప్రాయాలు ఉన్నంత మాత్రాన సత్యం లేకుండా పోదు. పట్టాల మధ్య దూరం సరిగా ఉన్నదా లేదా అని ఇద్దరు ట్రాక్‌మన్లు వాదించుకుంటే, ఇద్దరి మాటా నిజమేనని ఏ పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టరూ అనడు. గేజి తెచ్చి పెడతారు. బ్రాడ్‌గేజ్ అంటే 1676 మిల్లీమీటర్లు, ఎంత తేడా వరకు ఓర్చుకోవచ్చునో దానికీ ఒక లెక్క ఉంది. "సరే, పట్టాలకు గేజి ఉన్నది, న్యాయానికి గేజి ఏది?" అని అడగవచ్చు. ఇది నిజాయితీ గల ప్రశ్న. దీనికి జవాబు ఆకాశంలో వెదకనక్కరలేదు. మన ఉద్యమ చరిత్రలోనే ఉంది.

పని గంటల సమస్యను తీసుకుందాం. 1919లో వాషింగ్టన్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ కార్మిక మహాసభ రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్న ఒడంబడికను ఆమోదించింది. అదే ఒడంబడికలో బ్రిటిష్ ఇండియాకు ప్రత్యేక నిబంధన పెట్టి వారానికి 60 గంటలు అన్నారు. ఆ 60 గంటలు వర్తించే వాటిలో కొన్ని రైల్వే శాఖలు కూడా ఉన్నాయి. ఐరోపా కార్మికుడి వెన్నెముకకూ, మన కార్మికుడి వెన్నెముకకూ 12 గంటల తేడా ఏ వైద్యశాస్త్రంలోనూ లేదు. ఆ తేడా పాలించేవారికీ, పాలింపబడేవారికీ మధ్య ఉన్న తేడా. ఈనాటికీ 1989 రైల్వే చట్టంలోని 132వ సెక్షన్ ప్రకారం "నిరంతర" పని చేసేవారికి రెండు వారాల సగటున వారానికి 54 గంటలు, "ప్రధానంగా విరామాలతో కూడిన" పనిగా వర్గీకరించబడిన వారికి వారానికి 75 గంటల వరకు గరిష్ఠ పరిమితి ఉంది. రైళ్లు తక్కువగా నడిచే మార్గంలో లెవెల్ క్రాసింగ్ దగ్గర ఉండే గేట్‌మన్ ఈ రెండవ వర్గంలోకి వస్తాడు. రైలుకూ రైలుకూ మధ్య ఆయన ఖాళీగా ఉన్నాడని కాగితం చెబుతుంది. కాని ఆ వ్యవధిలో ఆయన ఇంటికి వెళ్ళలేడు, నిద్రపోలేడు, ఫోను గంటకు చెవి ఒగ్గి ఉండవలసిందే.

ఇక్కడ న్యాయానికి గేజి ఎలా పెడతామో గమనించాలి. మొదటిది వాస్తవం. నిద్ర లేని మనిషి చూపు మందగిస్తుంది, నిర్ణయం ఆలస్యమవుతుంది. ఇది ఏ యూనియన్ అభిప్రాయమూ కాదు, మానవ శరీర ధర్మం. అయితే వాస్తవం ఒక్కటే చాలదు. "ఉన్నది" అన్న దాని నుండి "ఉండాలి" అన్నది దానంతటదే పుట్టదని పద్దెనిమిదవ శతాబ్దంలోనే హ్యూమ్ హెచ్చరించాడు. అందుచేత రెండవ మెట్టు కావాలి. ఆ నియమం వల్ల లాభపడేవాడు, దాని భారం మోసేవాడి ముఖం చూసి, అతడు సాటి మనిషి అన్న సంగతి మరువకుండా, దానిని సమర్థించగలగాలి. తాను అతని స్థానంలో ఉంటే దానిని న్యాయమని ఒప్పుకోగలగాలి. వాస్తవాలను దాచకుండా, ఎవరినీ లెక్క నుండి తీసివేయకుండా ఈ పరీక్షకు నిలిచేది న్యాయం, నిలవనిది అన్యాయం. ఈ పరీక్ష ఫలితం అధికారి ఇష్టం మీదగాని, మన ఇష్టం మీదగాని ఆధారపడదు. వస్తుగతమంటే మనకు కావలసిన అర్థం ఇంతే. 1973 ఆగస్టులో లోకో రన్నింగ్ సిబ్బంది ఒక పర్యాయం డ్యూటీ 10 గంటలకు మించరాదన్న సూత్రాన్ని ప్రభుత్వం చేత ఒప్పించగలిగారంటే, వారి సంఘటిత శక్తి ఒక కారణమైతే, ఆ కోరికకు ఎదురుగా నిలబెట్టదగిన సమర్థన ఎవరి వద్దా లేకపోవడం రెండవ కారణం. ఒప్పుకున్నది అమలు చేయించడం వేరే పోరాటమని మనకందరికీ తెలుసు.

వేతనం విషయంలో ఈ గేజికి అంకెలు కూడా ఉన్నాయి. "న్యాయమైన వేతనమంటే ఎవరు చెప్పగలరు?" అని యాజమాన్యాలు నవ్వుతూ అడిగేవి. 1957లో జరిగిన 15వ భారత కార్మిక మహాసభ దానికి జవాబు చెప్పింది. ప్రభుత్వం, యజమానులు, కార్మికులు కలిసి కూర్చున్న సభ అది. సంపాదించేవారు ఒకరుగా ఉన్న కుటుంబాన్ని మూడు వినియోగ యూనిట్లుగా లెక్కించాలి. డాక్టర్ ఏక్రాయిడ్ సూచించిన పోషకాహార ప్రమాణం ప్రకారం తిండి, మనిషికి ఏడాదికి 18 గజాల చొప్పున బట్ట, కనీసపు ఇంటి అద్దె, ఇంధనం దీపం వగైరాలకు మొత్తం మీద 20 శాతం ఉండాలి. పిల్లల చదువు, వైద్యం, వృద్ధాప్యం వంటి వాటికి మరో 25 శాతం కలపాలని 1991లో రెప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. అవసరాల ప్రాతిపదికపై కనీస వేతనం కోసమే 1968 సెప్టెంబరు 19న కేంద్ర ప్రభుత్వోద్యోగులు ఒకరోజు సమ్మె చేసి, అరెస్టులనూ ఉద్యోగాల తొలగింపునూ ఎదుర్కొన్నారు. ఏడవ వేతన సంఘం సైతం 18,000 రూపాయల కనీస వేతనాన్ని లెక్కకట్టడానికి ఏక్రాయిడ్ సూత్రాన్నే ఆధారం చేసుకున్నది. ఆ లెక్కలో ధరలు సరిగా తీసుకోలేదని మనం తగాదా పెట్టుకున్నాం. తగాదా పెట్టుకోగలిగామంటే ఒక కొలబద్ద ఉన్నదనే అర్థం. కొలబద్ద లేని చోట తగాదా ఉండదు, యాచన మాత్రమే ఉంటుంది.

నీతి కేవలం అభిప్రాయమన్న సిద్ధాంతం ఎవరికి ఉపకరిస్తుందో చెప్పడానికి మన పొరుగు దేశంలో జరిగిన దారుణం చాలు. 2013 ఏప్రిల్ 23న ఢాకా సమీపంలోని రాణా ప్లాజా భవనంలో గోడలు, స్తంభాలు పగుళ్ళు విచ్చాయి. కింది అంతస్తులలోని బ్యాంకు, దుకాణాలు మూసివేశారు. మరునాడు ఉదయం దుస్తుల కర్మాగారాల కార్మికులను మాత్రం లోపలికి పంపించారు. భవనం కూలి 1,100 మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు స్త్రీలు. వెళ్ళనంటే జీతం పోతుందన్న భయమే వారిని లోపలికి నడిపించింది. పంపినవారి దృష్టిలో అది సబబు, చనిపోయినవారి దృష్టిలో అది తప్పు, రెండూ సమానమే అని ఎవరైనా చెప్పగలరా? బ్యాంకు ఉద్యోగి ప్రాణానికి ఒక లెక్క, కుట్టుమిషను మీద కూర్చున్న అమ్మాయి ప్రాణానికి మరొక లెక్క వేయడం తప్పు. ఢాకాలోనే కాదు, ఢిల్లీలోనూ తప్పు. దానిని తప్పని ఒక్కరూ అనకపోయినా తప్పే.

ఇప్పుడు రంగరాజన్ తీర్పుకు తిరిగి వద్దాం. అది న్యాయమూర్తుల ఇష్టాయిష్టమని తోసివేయకుండా, ఒక నైతిక వాదంగా స్వీకరించి పరీక్షిద్దాం. సమ్మె వల్ల పరిపాలన స్తంభించి ప్రజలు బాధపడతారన్నది అందులోని ముఖ్యమైన కారణం. ఇది నిజమైన కారణమే. ఆగిన రైలులో ఆసుపత్రికి వెళ్ళవలసిన రోగి ఉంటాడు. బట్వాడా కాని సంచిలో ముసలి తల్లికి కొడుకు పంపిన మనియార్డరు ఉంటుంది. వారి బాధను లెక్కలోకి తీసుకోని సమ్మె, మనం ప్రభుత్వాన్ని దేనికి తప్పు పడుతున్నామో అదే తప్పు చేస్తుంది. అయితే ఆ తీర్పు పరీక్షను సగంలోనే ఆపివేసింది. ప్రజల బాధను తూకం వేసిన త్రాసులో ఉద్యోగి బాధను వేయలేదు. అప్పటివరకు ఉన్న సౌకర్యాలను ఏకపక్షంగా కోసివేసినప్పుడు, సంప్రదింపుల తలుపు మూసివేసినప్పుడు, ఆ తలుపు తెరిపించడానికి ఉద్యోగికి ఇంకే మార్గం మిగిలిందో చూడాలి. ఏ సందర్భంలోనూ, ఎంతటి అన్యాయానికీ, ఎన్ని విజ్ఞాపనలు వృథా అయిన తరువాతా సమ్మెకు నైతిక హక్కు లేదని అనడమంటే, ఉద్యోగి మీద ఏ భారాన్నైనా కారణం చెప్పకుండా మోపవచ్చుననడమే. ఆ స్థానంలో తానుంటే ఎవరూ దానిని న్యాయమని ఒప్పుకోరు. అందుచేత ఆ మాట పరీక్షకు నిలవదు. మనకు నచ్చనందుకు కాదు, కారణం చాలనందుకు అది తప్పు.

1974 మే 8 నుండి 27 వరకు జరిగిన రైల్వే సమ్మెను ప్రభుత్వం చట్టవిరుద్ధమన్నది. వేలాదిమందిని జైళ్ళలో పెట్టింది. క్వార్టర్ల నుండి కుటుంబాలను వీధిలోకి నెట్టింది. సమ్మె గెలవకుండానే విరమించవలసి వచ్చింది. ఓడినందువల్ల ఆ కోరికలు అన్యాయమైపోలేదు. 1977లో ప్రభుత్వం మారిన తరువాత తొలగింపబడినవారు తిరిగి ఉద్యోగాలలో చేరారు. 1979-80 నుండి రైల్వేలలో ఉత్పాదకతతో ముడిపెట్టిన బోనస్ వచ్చింది. వచ్చినందువల్లనే ఆ కోరికలు న్యాయమైనవి కాలేదు. 1974లోనే అవి న్యాయమైనవి. గెలుపు ఓటములు బలానికి సంబంధించినవి, న్యాయాన్యాయాలు కారణాలకు సంబంధించినవి. ఈ రెండింటినీ కలగాపులగం చేస్తే, ఓడిన ప్రతి పోరాటమూ తప్పేనని మన పిల్లలకు చెప్పవలసి వస్తుంది.

సమ్మెకు నైతిక హక్కు ఉందని చెప్పేవారు మరొక సంగతి కూడా ఒప్పుకోవాలి. నైతికంగా తప్పయిన సమ్మె కూడా ఉండవచ్చు. నోటీసు ఇవ్వకుండా, చర్చకు అవకాశమివ్వకుండా, ప్రయాణికులతో నిండిన బండిని అడవి మధ్య వదలివేయడం ఏ జెండా కింద జరిగినా తప్పే. గేజి ఒక్కవైపే కొలవదు.

అది మన వైపు తిరిగినప్పుడే అసలు పరీక్ష. ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంట్లు ప్రభుత్వం కింద సివిల్ పోస్టు కలిగినవారేనని 1977లో రాజమ్మ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. ఈనాడు గ్రామీణ డాక్ సేవకులుగా పిలవబడుతున్న వారు పల్లెలలో తపాలా శాఖకు ముఖమై నిలిచి కూడా డిపార్ట్‌మెంటు రెగ్యులర్ ఉద్యోగులతో సమానమైన స్థాయికి నోచుకోలేదు. తపాలా తంతి శాఖలోని దినకూలీలకు రెగ్యులర్ స్కేలులోని కనీస వేతనమైనా ఇవ్వాలని 1987లో అదే కోర్టు ఆదేశించింది. పట్టాల మీద మనిషి మలాన్ని మనిషి చేతితో ఎత్తించే పనిని కాలపరిమితి పెట్టుకుని అంతం చేయాలని 2014 మార్చిలో సఫాయి కర్మచారి ఆందోళన్ కేసులో రైల్వేలకు చెప్పింది. ఇవన్నీ కోర్టులు చెప్పేదాకా ఆగవలసిన సత్యాలేనా?

కాంట్రాక్టు కింద పెట్టెలు కడిగే కార్మికురాలి ప్రస్తావన తెచ్చినప్పుడు, "వారి సంగతి వేరు, కాంట్రాక్టరు చూసుకుంటాడు, ఎవరి బాధలు వారివి" అనే రెగ్యులర్ ఉద్యోగులు మనలో లేకపోలేదు. "ఎవరి నీతి వారిది" అన్న మాట అసలు అవసరం ఇక్కడ బయటపడుతుంది. పైవాడు మన మీద ఉపయోగించినప్పుడు దానిని ఎదిరించి, కిందివారి మీద మనం ఉపయోగించుకుంటే, మన ఉద్యమం న్యాయం కోసం కాక వాటా కోసం జరిగే బేరమే అవుతుంది. బేరంలో బలమున్నంతవరకే గెలుపు. మన బలం తగ్గిన రోజున మన మాట వినడానికి ఎవరికీ ఏ కారణమూ ఉండదు.

కనుక రాబోయే శాఖా సమావేశాలలో ప్రతి కోరికను తీర్మానించే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవలసిందిగా సోదర సోదరీ ఉద్యోగులను కోరుతున్నాను. మనం చెబుతున్న వాస్తవాలు నిజమైనవేనా? దీని భారం పడే ప్రతి ఒక్కరినీ లెక్కలోకి తీసుకున్నామా? వారి స్థానంలో మనముంటే దీనిని ఒప్పుకుంటామా? ఈ మూడింటికీ తలెత్తుకుని జవాబు చెప్పగలిగిన కోరిక మన సొంత అభిప్రాయం కాదు. దానిని కాదనదలచినవారు కారణం చూపవలసి ఉంటుంది, అది ప్రభుత్వమైనా సరే, న్యాయస్థానమైనా సరే. జవాబు చెప్పలేని కోరిక మనదైనా సరే, దానిని సవరించుకుందాం. ఆ సవరణల జాబితాలో మొట్టమొదట గ్రామీణ డాక్ సేవకుని పేరు, కాంట్రాక్టు సఫాయి కార్మికురాలి పేరు ఉండాలి. వారిని సభ్యులుగా చేర్చుకోవడానికి నిబంధనావళి అడ్డు వస్తే నిబంధనావళిని మార్చుకుందాం. వారి కోరికలు లేని కోరికల పత్రాన్ని ఇకమీదట ఏ శాఖా యాజమాన్యానికి సమర్పించకూడదు.